బసవరాజ్‌కు బాగాలేదని వచ్చిన మెయిల్

ఆ ఎండాకాలం మా ఆయన గుండెనొప్పితో దవాఖానాలో పడ్డాడని జహీరాబాద్‌లో చాలామందికి తెలిసింది. మాకే తెలియలేదు.

ఆ పొద్దున ఆయన నా ఎదురుగా కూర్చుని ఉప్మా తింటున్నాడు. ముందురోజు చిరాగ్‌పల్లి దగ్గర ఫంక్షన్ హాల్లో పెళ్ళి ఫోటోలు తీసి వచ్చాడు. నిద్ర చాలక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంతలో నా ఫోన్ మోగింది. చేసింది అబ్దుల్ సమద్ సాబ్. రిటైరైన హెడ్మాస్టరు. మా బజారులో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆయన మనవరాలు సిద్రా పెళ్ళి ఫోటోలు మేమే తీశాం. ఆల్బం పని నా కంప్యూటర్లో సగంలో ఉంది. దాని గురించే అడుగుతాడనుకున్నాను.

"ఇందిరా బేటీ, ఎట్లుంది బసవరాజ్‌కు? డాక్టర్లు ఏమంటున్నరు?"

"మంచిగనే ఉన్నడు సాబ్. డాక్టర్లెందుకు?"

సాబ్ గొంతు తగ్గించాడు.

"హైదరాబాద్ దవాఖానల ఉన్నడు గద? గుండె ఆపరేషన్ అని మెయిల్ రాసిండు. ఫోన్ మాట్లాడనీకె వస్తలేదు, ఎవరికీ చెప్పొద్దు అన్నడు. నేను పొద్దుగాల్నే పైసలు పంపిన. చేరినయో లేదో అని నీకు చేసిన."

ఫోన్ ఆయనకిచ్చాను. నోట్లో ముద్ద మింగి, "సాబ్, నేను ఇంట్లనే ఉన్న," అన్నాడు. తర్వాత చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు చెప్పాడు. సమద్ సాబ్ ముందు "అల్లాకు షుకర్" అన్నాడట. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడట. అయితే పైసలు ఎవరికి పోయినట్టు అని ఆ తర్వాతే అడిగాడట.

ఉప్మా పళ్ళెంలోనే ఉండిపోయింది. ఒకటి తర్వాత ఒకటి ఫోన్లు. ఫంక్షన్ హాల్ మేనేజర్ మాణిక్, కోహీర్‌లో వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాడు, పూల డెకరేషన్ వాళ్ళు, ఎప్పుడో పదేళ్ళ కింద కొడుకు పుట్టినరోజు ఫోటోలు తీయించుకున్న ఒక లెక్చరర్. అందరికీ అదే మెయిల్ వెళ్ళింది. మాణిక్ తన ఫోన్లో దాన్ని మాకు చూపించాడు. ఇంగ్లీషులో ఉంది. కింద మా స్టూడియో పేరు, మా బోర్డు మీదుండే బొమ్మ, దుకాణం అడ్రసు అన్నీ ఉన్నాయి. ఒక్క పైసలు పంపాల్సిన నంబరే మాది కాదు.

దుకాణం తెరిచి, కంప్యూటర్ ఆన్ చేసి, మెయిల్ తెరవబోయాను. పాస్‌వర్డ్ తప్పు అంది. మళ్ళీ కొట్టాను. అదే మాట.

మా దుకాణం మొత్తం ఆ మెయిల్‌లోనే ఉంది. ఉగాది ముందర కరెంటు హెచ్చుతగ్గులకు హార్డ్ డిస్క్ కాలిపోయింది. కొత్తది కొందాం కొందాం అంటూనే పెళ్ళిళ్ళ సీజన్ వచ్చి మీద పడింది. అప్పటినుంచి తీసిన ప్రతి ఫోటో ఆ మెయిల్‌కు ఉండే ఆన్‌లైన్ ఖాతాలోనే దాస్తున్నాం. కెమెరా కార్డులు ఏ పెళ్ళికాపెళ్ళి ఖాళీ చేసి వాడుకుంటున్నాం. సిద్రా నిఖా, పసుపు రాసిన వేడుక, అమ్మాయిని కోహీర్‌కు పంపించిన సాయంత్రం, వాళ్ళ నానమ్మ గౌహర్ బేగం చక్రాల కుర్చీలోంచి మనవరాలి నుదుటి మీద ముద్దు పెట్టుకున్న ఫోటో. అవన్నీ అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు.

"ఎవరికన్న పాస్‌వర్డ్ చెప్పిన్రా?" అని అడిగాను.

"ఎవరికి చెప్త?" అన్నాడు. కాసేపటికి కుర్చీలో వెనక్కి వాలాడు. "మొన్న ఒక మెయిల్ వచ్చె. జాగా నిండిపోయింది, ఒక్క రోజుల ఫైళ్ళన్ని తీసేస్తం, ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ కొట్టు అని. మంగళస్నానం ఫోటోలు తీసుకుంట నొక్కిన. తెల్ల పేజీ వచ్చె. నెట్ సరిగ్గ లేదేమో అనుకున్న."

జాగా నిండిపోతోందని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది నేనే. నిజంగానే నిండిపోతున్న రోజుల్లో నిండిపోయిందని మెయిల్ వస్తే, పెళ్ళికూతురు ఎదురుగా కూర్చుని ఉండగా, ఒక చేత్తో కెమెరా పట్టుకున్నవాడు ఏం చూస్తాడు? పంపినవాళ్ళ పేరున్న చోట మెయిల్ కంపెనీ పేరే ఉంది. ఆ పేరు మీద వేలు పెట్టి నొక్కితే గానీ దాని వెనకున్న అసలు చిరునామా కనబడదు.

---

మధ్యాహ్నం దుకాణంలో ఇంటర్ అడ్మిషన్లకు ఫోటోలు దిగడానికి వచ్చిన ఆడపిల్లలున్నారు. నేను ప్రింటర్ దగ్గర ఉన్నాను. ఆయన లోపల చీకటి గదిలో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు రీళ్ళు కడిగిన గది అది, ఇప్పుడు స్టాండ్లు, లైట్లు పెడుతున్నాం. హిందీలో మాట్లాడుతున్నాడు. ఆయన హిందీ ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. ఆ రోజు మాత్రం చాలా వినయంగా ఉంది.

"హా సార్. మెసేజ్ ఆయా సార్. బోల్తా హూఁ సార్."

వచ్చిన మెసేజ్ చదివి చెప్తానంటున్నాడు. కత్తిరిస్తున్న ఫోటోలు వదిలేసి లోపలికి వెళ్ళాను. ఫోన్ స్పీకర్లో ఉంది. అటువైపు మనిషి ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడంటే, పొద్దుటి మెయిల్ గురించి నాకు తెలియకపోతే నేనూ నమ్మేదాన్ని. స్క్రీన్ మీద పైన మెసేజ్ వచ్చి నిలిచి ఉంది. అది మెయిల్ కంపెనీ నుంచి వచ్చింది కాదు. మా బ్యాంకు నుంచి వచ్చింది. ఆరు అంకెలు, కింద ఎవరికీ చెప్పవద్దని.

ఆయన మొదటి రెండు అంకెలు చెప్పేశాడు. నేను ఫోన్ లాక్కుని కట్ చేశాను.

"ఏం చేసినవ్!" అని అరిచాడు. బయట పిల్లల మాటలు ఆగిపోయాయి. "ఎంత సేపట్నుంచి లైన్ల ఉన్ననో తెల్సా? వాళ్ళే మన మెయిల్ ఇప్పిస్తమన్నరు!"

"నంబర్ ఎక్కడ దొరికింది?"

"నెట్ల వెతికిన. కస్టమర్ కేర్ అని ఉంది."

"మెయిల్ ఇప్పిచ్చెటోళ్ళకు బ్యాంక్ కోడ్ ఎందుకు?"

ఆయన నా చేతిలోని ఫోన్ తీసుకుని ఆ మెసేజ్ చదివాడు. మళ్ళీ చదివాడు. అదే నంబరు నుంచి ఫోన్ మళ్ళీ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆయన లైటు స్టాండ్ల మధ్య ఒక డబ్బా మీద కూర్చుండిపోయాడు.

"ఇర్వై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న ఇందిరా," అన్నాడు. "రెండు దినాల్ల రెండుసార్లు. ఊరంత నవ్వుతది."

"ఊరు నవ్వుతలేదు. ఎట్లున్నడని అడుగుతుంది."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. పిల్లలకు ఫోటోలు ఇచ్చి పంపాక బయటికి వచ్చి షట్టర్ సగం కిందికి లాగాడు. మా బజారులో షట్టర్ సగం దించితే ఎవరో పోయారనుకుంటారు. నేను చెప్పినా వినలేదు.

---

మర్నాడు ఆ సగం షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది మహాదేవమ్మ వదినె. మా ఆయనకు అక్క. న్యాల్‌కల్ మండలంలో వాళ్ళ ఊరు. బస్సుకు గంట దారి. ఆ గంట దారి నాలుగేళ్ళుగా ఆమె రాలేదు, మేమూ పోలేదు.

ఒక చేతిలో బట్టల సంచి ఉంది. ఇంకో చేతిలో గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు. ఎండకు ముఖం కందిపోయి ఉంది. మా ఆయన స్టూల్ మీద కూర్చుని లెన్స్ తుడుస్తున్నాడు. తలెత్తి చూశాడు. లెన్స్ మీద గుడ్డ అట్లాగే ఆగిపోయింది.

"ఆరామ్ ఇద్దీయా?" అంది ఆమె, బాగున్నావా అని. దుఃఖమొచ్చినా కోపమొచ్చినా వదినె కన్నడంలోకి పోతుంది. బీదర్ వైపు మేనమామల ఇంట్లో పెరిగిన మనిషి.

"ఆరామే అక్కా."

"మరి దవాఖాన?"

"అది అబద్ధం. ఎవడో నా మెయిల్ ఎత్తుకపోయి అందరికి గట్ల రాసిండు."

ఆమె ఆయన్ని తల నుంచి కాళ్ళదాకా చూసింది. ఛాతీ మీద చూపు కాసేపు ఆగింది.

"మంచిగున్నవ్ గద. అయితే పోత," అని వెనక్కి తిరిగింది.

నేను కౌంటర్ దాటి ఎదురుగా వెళ్ళాను. "వదినె, ఇంత ఎండల వచ్చిన్రు. మంచినీళ్ళన్న తాగున్రి. రొట్టెలు మోసుకొచ్చి మళ్ళ మోసుకపోతరా?"

ఆమె నీళ్ళు తాగి, కస్టమర్లను ఫోటోకు కూర్చోబెట్టే స్టూల్ మీద, తెల్లపరదా ముందు కూర్చుంది. మా ఆయన లేచి టేబుల్ ఫ్యాన్ ఆమె వైపుకు తిప్పాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడడం లేదు. ఆమె చెప్పేదంతా నాకు చెప్పింది.

"అభిషేక్ చదివి చెప్పిండు. వాడు నౌకరీ అర్జీకి ఫోటో దింపించుకున్నప్పటి సంది వాని మెయిల్ మీ దగ్గర ఉన్నదట. మామకు గిట్లయింది, పైసలు పంపుదామా అమ్మా అన్నడు. నేను వద్దన్న. వీడు నన్ను పైసలడగడు. సచ్చినా అడగడు. అడిగిండంటే ఇగ పానం మీదికి వచ్చినట్టే. పైసలు పంపి ఇంట్ల కూసుంటనా మరి? ఫోన్ చేద్దామంటే వీని నంబర్ తీసేసిన. ఏ దవాఖాననో నిన్ను అడుగుదాం, అట్నుంచి అటే హైదరాబాద్ పోదాం అని బస్సెక్కిన."

పరదా అంచు సర్దుతూ అంది. "ఈసారన్న టైమ్‌కు పోవాలె అనుకున్న."

మా ఆయన తల వంచుకున్నాడు.

మా అత్తమ్మ కరోనా రెండో విడతలో పోయింది. ఎవరూ ఎవరి దగ్గరికీ పోలేని రోజులవి. దవాఖాన వాళ్ళు శవాన్ని సంచిలో చుట్టి ఇచ్చారు. ఈయన, ఇంకో ముగ్గురు తీసుకొచ్చి ఊరి బయట మట్టి చేశారు. ఇంటికొచ్చి, స్నానం చేసి, అప్పుడు అక్కకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది. అంత అయిపోయింది," అన్నాడు. ఆమె అటువైపు ఏమందో నాకు తెలియదు. ఈయన మాత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాలుగేళ్ళు ఇద్దరూ మాట్లాడలేదు.

"ఇవాళ ఉండిపోన్రి," అన్నాను. "రేపు పోదురు."

"రొట్టెలు ఎక్కువ చేసిన," అంది. ఉంటానని ఆమె చెప్పే పద్ధతి అది.

---

సమద్ సాబ్‌ను తీసుకుని నేనే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. మా ఆయన రానన్నాడు. దారిలో సాబ్ నన్నే ఓదార్చాడు. "బేటీ, నాకు పైసల ఫికర్ లేదు. మెయిల్ చదువుతుంటె నాకు బసవరాజ్ చిన్నప్పుడు బడిల బెంచీ మీద నిలబడ్డది యాదికొచ్చె. ఫోన్ చేసి అడగాలె అని తోచలే. ఫోన్ చెయ్యొద్దు అని వాళ్ళే రాస్తిరి. మాట వినెటోన్ని పట్టుకున్నరు సూడు."

స్టేషన్లో సైబర్ కేసులు చూసే కానిస్టేబుల్ పేరు శిల్ప. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి ముందు సైబర్ మోసాలు చెప్పుకునే 1930 నంబరుకు ఫోన్ చేయించింది. "పైసలు పోయిన గంటల్లనే చేస్తే ఇంక మంచిగుంటుండె. అయినా చేద్దాం," అంది. సాబ్ తన బ్యాంకు మెసేజ్ చదివి వినిపించాడు. బడిలో హాజరు పిలిచిన ఆ గొంతు ఆ రోజు చాలా చిన్నదిగా వినిపించింది. సాయంత్రానికి బ్యాంకు నుంచి కబురు వచ్చింది. అవతలి ఖాతాలో కొంత సొమ్ము ఇంకా కదలలేదు, దాన్ని ఆపగలిగారు. మిగతాది అప్పటికే పోయింది.

మా మెయిల్ సంగతి చెప్తే శిల్ప అడిగింది. "ఖాతా మళ్ళ తెచ్చుకోనీకె ఎక్కడ కూసొని ట్రై చేసిన్రు?"

"ఇంట్ల ఫోన్ల. మా అక్క బిడ్డ ల్యాప్‌టాప్ల కూడ."

"అట్ల చెయ్యకున్రి. రోజు ఏ కంప్యూటర్ల తెరుస్తరో దాంట్లనే, దుకాణం నెట్ మీదనే చెయ్యున్రి. కంపెనీ పేజీకి మీరే అడ్రస్ కొట్టుకొని పోన్రి. ఏ లింక్ నొక్కొద్దు. పాత పాస్‌వర్డ్ అడుగుతది, యాదున్నంత వరకు పెట్టున్రి. ఒక్కసారికి కాదు. కాకపోతే మర్నాడు చెయ్యున్రి. ఇప్పిస్తమని ఎవరన్న ఫోన్ చేస్తే మాత్రం..."

"కట్ చేస్త," అన్నాను. ఆమె నా ముఖం చూసి నవ్వింది. మాకు అప్పటికే ఒకటి వచ్చిందని అర్థమైనట్టుంది.

ఆ వారం దుకాణంలో ఇద్దరు ఆడవాళ్ళం ఉన్నాం. వదినె రేపు పోతానని రోజూ అంటోంది, రోజూ ఏదో ఒక పని మీద ఆగిపోతోంది. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కంప్యూటర్ ముందు కూర్చుని పాత పాస్‌వర్డ్ పెడుతున్నాను. మీరే అని నిర్ధారించలేకపోతున్నాం అని వస్తోంది. వదినె పక్కన కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతూ, "ఏమంటుంది?" అని అడుగుతుంది. "నమ్ముతలేదు వదినె," అంటాను. "నమ్ముతది. దానికి కూడ భయముంటది గద," అంటుంది.

మా ఆయన మాత్రం షట్టర్ పైకెత్తలేదు. మెయిల్ దొంగిలించారు, పైసలు పంపొద్దు అని ఒక బోర్డు రాసి ముందర పెడదామంటే ఒప్పుకోలేదు. ఫోన్ నంబర్లు ఉన్నవాళ్ళకైనా చేసి చెప్పమంటే, "ఏమని చెప్పాలె? నాకు తెలివి లేదని చెప్పాల్నా?" అన్నాడు.

వదినె చిక్కుడుకాయల మీంచి తలెత్తలేదు.

"చెప్పు బసూ," అంది. చిన్నప్పటి పేరు. "చెప్పుడు ఆలస్యమైతే ఏమైతదో నీకెరుకే."

చిక్కుడుకాయల గిన్నె తీసుకుని దుకాణం వెనకున్న మా ఇంట్లోకి పోయింది.

ఆయన కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత వంగి, షట్టర్ రెండు చేతులా పట్టుకుని పైదాకా ఎత్తాడు. ఎండ ఒక్కసారిగా కౌంటర్ మీద పడింది. కౌంటర్ వెనక స్టూల్ వేసుకుని ఫోన్ తీశాడు. మొదటి ఫోన్ మాణిక్‌కు చేశాడు.

"మాణిక్ భాయ్, బసవరాజ్‌ను. మొన్న వచ్చిన మెయిల్ నాది కాదు. తప్పు నాదే, ఒక దొంగ లింక్ నొక్కిన. నీకు తెల్సిన పెండ్లోళ్ళకు కూడ చెప్పు. ఎవ్వరు పైసలు పంపొద్దు."

ఆ మాటలే చీకటి పడేదాకా చెప్పాడు. మొదట్లో గొంతు తడబడింది. పదిమందికి చెప్పాక తడబాటు పోయింది. కొందరు జోక్ చేశారు, కొందరు తిట్టారు, ఎక్కువమంది తమకూ అట్లాంటిదే ఒకటి జరిగిందని చెప్పారు. కోహీర్ వీడియో కుర్రాడు ఉద్యోగం ఇస్తామన్న మెయిల్ నమ్మి కష్టపడి దాచుకున్నదంతా పోగొట్టుకున్నాడట. రెండేళ్ళుగా ఇంట్లో కూడా చెప్పలేదట. ఫోన్లోనే ఏడ్చాడు. మా ఆయన అతనితో చాలాసేపు మాట్లాడాడు. అంత ఓపికగా ఆయన మాట్లాడడం నేను పెళ్ళిళ్ళలో పసిపిల్లలను నవ్వించేటప్పుడు మాత్రమే చూశాను.

మరుసటి శుక్రవారం పొద్దున కంప్యూటర్ నమ్మింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. నేను కేక పెట్టాను. వదినె గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

శిల్ప చెప్పినట్టు ముందు సెట్టింగులు చూశాను. మాకొచ్చే ప్రతి మెయిల్ ఇంకో తెలియని చిరునామాకు కూడా పోయేటట్టు ఎవరో పెట్టారు. దాన్ని తీసేశాను. తెలియని ఫోన్లు, కంప్యూటర్లు అన్నింటినీ బయటికి పంపించాను. పాస్‌వర్డ్ ఒక్కటే తెలిస్తే చాలకుండా, మా ఇద్దరిలో ఎవరో ఒకరు ఫోన్లో అవును అంటేనే తెరుచుకునేటట్టు పెట్టాను. ఆ తర్వాతే, భయపడుతూ, ఫోటోల్లోకి వెళ్ళాను.

అన్నీ ఉన్నాయి. ఆ దొంగలకు మా మనుషుల మెయిల్ చిరునామాలు కావలసి వచ్చాయి గానీ ఫోటోలతో పని లేదు. సిద్రా ఉంది, పసుపు ఉంది, కోహీర్ వెళ్ళే కారు ఉంది. గౌహర్ బేగం మనవరాలి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్న ఫోటో పెద్దది చేసి చూపిస్తే, వదినె దగ్గరికి వంగి చూసింది.

"ముసలామె ఏడుస్తలేదు సూడు," అంది. "కండ్లారా సూసి పంపింది."

మా ఆయన వెనక నిలబడి వింటున్నాడు.

---

ఆల్బం ఇవ్వడానికి మేం ముగ్గురం సమద్ సాబ్ ఇంటికి వెళ్ళాం. సిద్రా కూడా కోహీర్ నుంచి వచ్చి ఉంది. ఆడవాళ్ళంతా ఆల్బం చుట్టూ చేరారు. పోయిన సొమ్ము మా ఆయన ఇవ్వబోతే సాబ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ పానానికని పంపిన. నీ పానం మంచిగుంది. ఇగ లెక్కేముంది?" అన్నాడు. మా ఆయన బతిమాలాడు. ఆఖరికి గౌహర్ బేగం తెగ్గొట్టింది. సిద్రాకు పుట్టబోయే బిడ్డ ఫోటోలు ఊరికే తీస్తే లెక్క సరి అంది. సిద్రా సిగ్గుతో దుపట్టా ముఖం మీదికి లాక్కుంది. కబురు అట్లా బయటపడింది. ఇల్లంతా నవ్వులు.

టీ తాగేటప్పుడు ఎవరో అడిగారు, అసలు ఎట్లా మోసం చేశారు అని. నేను చెప్పబోయాను. మా ఆయనే అందుకున్నాడు. జాగా నిండిపోయిందన్న మెయిల్, తెల్ల పేజీ, నెట్‌లో దొరికిన దొంగ నంబరు, బ్యాంకు కోడ్, ఏదీ దాచలేదు. "తొందర పెట్టిండంటే ఆగాలె. ఎవరికి చెప్పొద్దన్నడంటే ముందు ఇంట్ల చెప్పాలె. పైసలడిగిండంటే ఆ మనిషికే, మనకాడున్న పాత నంబర్‌కే ఫోన్ చేసి ముచ్చట పెట్టాలె," అన్నాడు. "నాకు ఇవన్ని తెల్వకనా? తెల్సు. పనిల ఉన్న. వాళ్ళకు గదే కావాలె."

సాబ్ వాళ్ళ అల్లుడు ముష్తాక్ తన ఫోన్ తీసి, "జర ఇది సూడు భాయ్," అని ఒక మెయిల్ చూపించాడు. పార్సిల్ ఆగిపోయింది, చిరునామా సరిచేయమని. ఇద్దరూ తలలు ఆనించి, పేరు మీద వేలు పెట్టి, వెనకున్న చిరునామా చదివారు. ముష్తాక్ దాన్ని తీసిపారేశాడు.

ఆ తర్వాత మా దుకాణానికి ఫోటోలకు వచ్చినవాళ్ళు కూడా ఫోన్లు ముందు పెట్టడం మొదలుపెట్టారు. అన్నా, ఇది నిజమా? వదినా, దీనికి జవాబియ్యాల్నా? మా ఆయన కెమెరా పక్కన పెట్టి చూసి చెప్తాడు. తెలియనివి శిల్పకు పంపమంటాడు. కోహీర్ కుర్రాడు ఒకరోజు వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నన్ను టీ అడిగారు. ఇంట్లో చెప్పేశాడని నాకు అర్థమైంది.

---

జూన్ మొదటి వారంలో వాన పడింది. విత్తనాల వేళయింది, ఊరికి పోవాలని వదినె సంచి సర్దుకుంది. ఈసారి నిజంగానే పోతోంది. అభిషేక్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

మా ఆయన పొద్దునే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, బండి బయటికి తీశాడు. వెనక ఆటో పిలిచాడు.

"బస్టాండ్‌కు ఆటో ఎందుకు? రెండడుగులే," అంది వదినె.

"బస్టాండ్‌కు కాదక్కా. నువ్వు ఆటోల రా. ఇందిర కూడ వస్తది."

ఎక్కడికని ఆమె అడగలేదు. ఆటో హైవే దాటి ఊరి బయటి దారి పట్టగానే కొంగు తల మీదికి కప్పుకుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి గరుకుగా, వేడిగా ఉంది.

అత్తమ్మను పెట్టిన చోట చిన్న సిమెంటు గద్దె కట్టించాడు ఈయన. చుట్టూ వానకు గడ్డి మొలిచింది. వదినె చెప్పులు విడిచి, దగ్గరికి నడిచి, గద్దె మీద చెయ్యి పెట్టింది. అప్పటిదాకా ఆమె ఆ చోటు చూడలేదు. ఎక్కడని ఎవరినీ అడగలేదు కూడా. చాలాసేపు చెయ్యి తీయలేదు.

మా ఆయన నాలుగడుగుల వెనక నిలబడి ఉన్నాడు.

"అక్కా," అన్నాడు. "ఆ దినం నీకు ముందే చెప్తే నువ్వు వస్తవు. ఆపినా ఆగవు. నీకు షుగర్ ఉండె. అమ్మ పాయె, నీకు కూడ ఏమన్న అయితే అని భయపడ్డ. అందుకే అయిపోయినంక చేసిన."

వదినె వెనక్కి తిరగలేదు. "ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు తిడుతుంటివి. తిట్టనీ అనుకున్న."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నేను ముందుకు వెళ్ళాను. ముఖం చూస్తే తడిగానే ఉంది కానీ ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే గద్దె మీది ఆకులు ఊడ్చి, పక్కన మొలిచిన గడ్డి పీకడం మొదలుపెట్టింది.

"నిలబడి సూస్తవేంది?" అంది తమ్ముడితో. "ఆ దిక్కు నువ్వు పీకు."

ఆయన ప్యాంటు పైకి మడిచి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేల మెత్తగా ఉంది, గడ్డి వేళ్ళతో సహా వస్తోంది. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఇంకాసేపు పడుతుందని చెప్పడానికి నేను రోడ్డు దాకా నడిచాను.